తాళం జేబులోనే ఉంది.. కారు మాత్రం లేదు! మీ బండి నెట్‌వర్క్‌లోకి దారితీసే 5 తలుపులు ఇవే

అర్ధరాత్రి దాటింది. ఇంటి ముందు కారు పార్క్ చేసి ఉంది. ఒకడు గేటు దగ్గర చిన్న బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొకడు కారు డోర్ పక్కన ఉన్నాడు. అద్దం పగలలేదు, అలారం మోగలేదు. నిమిషం తిరక్కుండానే బండి రివర్స్ తీసుకుని వెళ్లిపోయింది.

ఇలాంటి సీసీటీవీ వీడియోలు మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి. చూసినవాళ్లు అడిగేది ఒకటే.. తాళం లేకుండా బండి ఎలా స్టార్ట్ అయింది? వీడియోలో దొంగ కనిపిస్తాడు కానీ అసలు సంగతి కనిపించదు. అది కారు లోపల వైర్లలో జరుగుతుంది. అక్కడ ఏం జరుగుతోందో, విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం లాంటి మన ఊళ్లలో కారు ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలో ఈ కథనంలో తెలుసుకుందాం.

ముఖ్యాంశాలు:

• ఇప్పటి కారు అంటే చక్రాలున్న కంప్యూటర్ల గుంపు. అవి ఒకదాని మాట ఒకటి గుడ్డిగా నమ్ముతాయి.
• మనకు అసలు ముప్పు ఎక్కడో విదేశంలో కూర్చున్న హ్యాకర్ కంటే చేతిలో పట్టే చిన్న పరికరంతో వచ్చే దొంగ నుంచే ఎక్కువ.
• వరదలో తడిసిన బండికి చవకగా చేయించిన రిపేర్ కూడా దొంగకు తలుపు తీసిపెట్టొచ్చు.
• సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? పాత ఓనర్ ఫోన్‌లో మీ కారు ఇంకా కనిపిస్తుండొచ్చు.

ఇదంతా మన దగ్గర కూడా జరుగుతుందా?

జరిగింది. 2021లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్టార్ హోటల్ పార్కింగ్ నుంచి ఓ కన్నడ సినీ నిర్మాత ఎస్‌యూవీ మాయమైంది. అది రోడ్డు పక్కన వదిలేసిన బండి కాదు. సెక్యూరిటీ, కెమెరాలు అన్నీ ఉన్న చోట పెట్టిన బండి. ఈ కేసులో నిందితుడు రాజస్థాన్‌కు చెందినవాడు. 2022లో బెంగళూరు పోలీసులకు చిక్కాక హైదరాబాద్ పోలీసులు అతన్ని తీసుకొచ్చి విచారించారు. ఎలక్ట్రానిక్ పరికరంతో కారు తాళానికి డూప్లికేట్ తయారు చేసుకుని ఖరీదైన బండ్లు ఎత్తుకెళ్లేవాడని పోలీసులు చెప్పారు. అతని మీద పలు రాష్ట్రాల్లో కేసులున్నాయి. ఢిల్లీలో కూడా ఇలా కీ ప్రోగ్రామింగ్ పరికరాలతో దొరికిన ముఠాలు చాలానే ఉన్నాయి.

బెజవాడ విషయానికొస్తే మన ఊరు రెండు పెద్ద హైవేలు కలిసే చోటు. చెన్నై, కోల్‌కతా వైపు 16వ నంబర్ జాతీయ రహదారి. హైదరాబాద్ మీదుగా పుణె వైపు 65వ నంబర్ రహదారి. రాత్రి ఒంటిగంటకు ఇక్కడ బయల్దేరిన బండి తెల్లారేసరికి వేరే రాష్ట్రంలో ఉంటుంది. అందుకే బండి పోయాక వెతకడం కంటే పోకుండా చూసుకోవడం చాలా తేలిక.

బుడమేరు వరదలో బయటపడిన సంగతి

2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. చాలా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇళ్లతో పాటు కార్లు, బైకులు, ఆటోలు కూడా మునిగిపోయాయి.

నీళ్లు తీశాక చాలామంది కారు ఓనర్లకు కొత్త మాట ఒకటి పరిచయమైంది.. ఈసీయూ. మెకానిక్‌లు ఎక్కువగా ఈసీఎం అంటారు. అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్. చిన్న పెట్టెలో ఉండే కంప్యూటర్ అన్నమాట. ఆయిల్ మార్చి, ఇంజిన్ కడిగి, ఎండబెట్టినా కొన్ని బండ్లు స్టార్ట్ కావు. ఎందుకంటే తడిసింది ఇంజిన్ ఒక్కటే కాదు, దాన్ని నడిపించే కంప్యూటర్ కూడా.

పైగా కారులో అలాంటి కంప్యూటర్ ఒక్కటే ఉండదు. ఇంజిన్‌కు ఒకటి, ఏబీఎస్ బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, డోర్లు, లైట్లు, హారన్‌కు ఒకటి, స్టీరింగ్‌కు ఒకటి, పాటలు వినే స్క్రీన్‌కు ఒకటి. ఇప్పటి మామూలు కార్లలోనే ఇవి పదుల సంఖ్యలో ఉంటున్నాయి. ఖరీదైన కార్లలో వంద దాటినవీ ఉన్నాయి.

ఇన్ని పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కదా. బ్రేక్ తొక్కగానే వెనక లైట్ వెలగాలి. స్పీడ్ పెరిగితే డోర్లు లాక్ అవ్వాలి. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలి, డోర్లు అన్‌లాక్ అవ్వాలి. ఈ మాటలన్నీ నడిచే దారి పేరే క్యాన్ బస్. కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్ అనే పేరుకు అది పొట్టి రూపం.

క్యాన్ బస్ అంటే ఏంటి? బస్టాండ్ మైక్‌తో పోల్చి చూద్దాం

పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో నిలబడ్డారనుకోండి. మైక్‌లో అనౌన్స్‌మెంట్ వస్తుంది. అది అందరికీ వినిపిస్తుంది. మచిలీపట్నం బస్సు అన్నప్పుడు ఆ ఊరు వెళ్లేవాళ్లు లేస్తారు, మిగతావాళ్లు పట్టించుకోరు. మైక్ ఎవరు పట్టుకున్నారో చూసి రండి అని ఎవరూ అడగరు. మైక్‌లో చెప్పారంటే నిజమే అనుకుంటారు.

క్యాన్ బస్ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. మెలితిప్పిన రెండు సన్నని వైర్లు ఉంటాయి. ఆ వైర్ల మీద ఒక కంప్యూటర్ మెసేజ్ పంపితే దానికి తగిలించిన మిగతావన్నీ వింటాయి. మెసేజ్‌లో అది దేని గురించో చెప్పే నంబర్ ఉంటుంది, చిన్న సమాచారం ఉంటుంది. పంపింది ఎవరు అన్నది మాత్రం ఉండదు. సంతకం ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే చిన్న నంబర్ ఉన్న మెసేజ్‌దే ముందు వంతు.

ఇలా ఎందుకు చేశారంటే దానికి కారణం ఉంది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది. అప్పట్లో కారుకు ఇంటర్నెట్ లేదు, బ్లూటూత్ లేదు, యాప్ లేదు. ప్రతి లైటుకూ, ప్రతి మోటారుకూ విడివిడిగా వైర్లు లాగితే బరువు, ఖర్చు పెరిగిపోతున్నాయి. ఆ బాధ తప్పించడానికి, బ్రేక్ లాంటి ముఖ్యమైన మాట ఆలస్యం కాకుండా చేరడానికి దీన్ని తయారు చేశారు. ఆ పనిని ఇది బ్రహ్మాండంగా చేసింది. అందుకే దాదాపు 40 ఏళ్ల తర్వాత కూడా అన్ని కార్లలో ఇదే ఉంది. కాకపోతే బయటివాడు లోపలికొచ్చి మైక్ లాక్కుంటాడని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

లాక్కుంటే ఏమవుతుందో లండన్‌లో ఒక కేసు చూపించింది. ఇయాన్ టేబర్ అనే ఆయన కార్ల సైబర్ సెక్యూరిటీ మీదే పనిచేసే నిపుణుడు. 2022లో ఆయన ఇంటి ముందున్న టయోటా ర్యావ్4 బంపర్ పక్కన ఎవరో ఊడదీశారు. హెడ్‌లైట్ వైర్లు బయటికి లాగి ఉన్నాయి. ఏదో ఆకతాయి పని అనుకున్నారు. కొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది. ఆ తర్వాత కారే పోయింది.

తీరా చూస్తే అది ఆకతాయి పని కాదు. ఇప్పటి హెడ్‌లైట్‌లో కూడా కంప్యూటర్ ఉంటుంది కాబట్టి క్యాన్ వైర్లు అక్కడి దాకా వస్తాయి. దొంగలు ఆ వైర్లకు ఓ పరికరం తగిలించి, సరైన తాళమే దగ్గరుంది, డోర్ తెరువు అని మెసేజ్ పంపారు. కారు నమ్మేసింది. ఆ పరికరం చూడ్డానికి బ్లూటూత్ స్పీకర్‌లా ఉంటుంది. పోలీసులు ఆపినా అనుమానం రాదు. టేబర్, ఆయన మిత్రుడు కెన్ టిండెల్ కలిసి అలాంటి పరికరాన్ని విప్పి చూసి, 2023లో ఈ పద్ధతిని ప్రపంచానికి వివరించారు. దీన్నే క్యాన్ ఇంజెక్షన్ అంటున్నారు.

కార్ల సెక్యూరిటీ తెలిసిన మనిషి కారే అలా పోయిందంటే మన సంగతి ఏంటి? బయటివాడు ఈ మైక్ దగ్గరకు చేరే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిస్తే చాలావరకు మూసేయొచ్చు. మన దగ్గర ముఖ్యంగా ఐదు తలుపులున్నాయి. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి తలుపు: జేబులోని స్మార్ట్ కీ

బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లలో తాళం తిప్పే పని లేదు. కీ మీ జేబులో ఉంటే చాలు. మీరు డోర్ హ్యాండిల్ పట్టుకోగానే కారు బలహీనమైన రేడియో సిగ్నల్‌తో కీ దగ్గర్లో ఉందా అని అడుగుతుంది. ఆ సిగ్నల్ ఒకటి రెండు మీటర్లు దాటదు. కీ అది విని జవాబిస్తుంది. డోర్ తెరుచుకుంటుంది.

దొంగలు చేసేది ఆ దూరాన్ని పెంచడం. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ ఇంటి తలుపు దగ్గర ఉంటారు. కారు అడిగిన ప్రశ్నను మొదటివాడి పరికరం పట్టుకుని రెండోవాడికి పంపుతుంది. రెండోవాడి బ్యాగులోని పరికరం దాన్ని ఇంట్లో టీవీ పక్కన పెట్టిన మీ కీకి వినిపిస్తుంది. కీ నిజాయితీగా జవాబిస్తుంది. కారు మీరే వచ్చారనుకుంటుంది. ఇక్కడ కోడ్ బద్దలు కొట్టే పనే లేదు. దీన్ని రిలే అటాక్ అంటారు. జర్మనీలోని ఆటోమొబైల్ క్లబ్ ఏడీఏసీ ఏళ్ల తరబడి వందల మోడళ్ల మీద దీన్ని ప్రయత్నించింది. ఎక్కువ శాతం కార్లు తెరుచుకున్నాయి.

ఏం చేయాలి? కీని వీధి తలుపు పక్కన మేకుకు తగిలించే అలవాటు మానండి. రాత్రిపూట సిగ్నల్ బయటికి పోనివ్వని పౌచ్‌లో గానీ, మూత గట్టిగా పడే స్టీల్ డబ్బాలో గానీ పెట్టండి. పనిచేస్తుందో లేదో మీరే పరీక్షించుకోవచ్చు. కీని డబ్బాలో పెట్టి మూతేసి కారు పక్కకు తీసుకెళ్లి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే డబ్బా పనికిరాదు, వేరేది చూసుకోవాలి. కొన్ని కార్లలో ఈ కీలెస్ సదుపాయాన్ని ఆపుకునే వీలుంది. ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది.

రెండో తలుపు: స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్ట్

స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర చేయి పెట్టి చూడండి. 16 పిన్నులున్న సాకెట్ తగులుతుంది. అదే ఓబీడీ పోర్ట్. మెకానిక్ స్కానర్ పెట్టి బండిలో ఏం తేడా ఉందో చూసేది దాంట్లోంచే. అందులో 6, 14 నంబర్ పిన్నులు నేరుగా క్యాన్ వైర్ల కోసమే.

కీ పోతే కొత్త కీని కారుకు పరిచయం చేసేది కూడా చాలా మోడళ్లలో ఈ పోర్ట్ ద్వారానే. దీనికి టాబ్లెట్ లాంటి పరికరాలు దొరుకుతాయి. తాళాలు చేసేవాళ్లకు, వర్క్‌షాపులకు అవి అవసరమే. కానీ దొంగ చేతిలో పడితే, డోర్ తెరిచి కూర్చున్న కొన్ని నిమిషాల్లో కొత్త కీ తయారవుతుంది. మీ జేబులో ఉన్న ఒరిజినల్ కీ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

మరి కారు దొంగకు అంతసేపు ఎక్కడ దొరుకుతుంది? పెళ్లి సీజన్‌లో కల్యాణ మండపం దగ్గర ముక్కూ మొహం తెలియని వాలెట్ కుర్రాడికి కీ ఇస్తాం. వాటర్ వాష్‌కి ఇచ్చి టీ తాగడానికి వెళ్తాం. అందరూ దొంగలని కాదు. కానీ కీ, కారు రెండూ ఒకేచోట పరాయివాళ్ల చేతిలో ఉన్న ఆ కాసేపే డూప్లికేట్ తయారు చేయడానికి సరిపోతుంది. పేరు ఊరు ఉన్న వర్క్‌షాపుకే ఇవ్వండి. వీలైతే దగ్గరుండండి. ఓబీడీ పోర్ట్‌కు తాళం వేసే లోహపు కవర్లు కూడా వస్తున్నాయి. ఖర్చు పెద్దగా ఉండదు.

మూడో తలుపు: ఇమ్మో ఆఫ్.. వరద బండ్లు కొనేవాళ్లు ఇది తప్పక చదవండి

కారు తాళంలో చిన్న చిప్ ఉంటుంది. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఆ చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్ తిరుగుతుంది. లేకపోతే తాళం ఆకారం కుదిరినా లాభం లేదు. ఈ ఏర్పాటు పేరు ఇమ్మొబిలైజర్. మెకానిక్‌ల భాషలో ఇమ్మో.

వరదలో ఈసీఎం పోయిన బండికి కొత్తది వేయించాలంటే బిల్లు పెద్దదవుతుంది. ఇన్సూరెన్స్ లేనివాళ్లు, ఉన్నా థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లు ఏం చేస్తారు? వేరే బండి నుంచి తీసిన పాత ఈసీఎం వేయిద్దామని చూస్తారు. కానీ ఆ పాత ఈసీఎం మీ తాళాన్ని గుర్తుపట్టదు. ఇద్దరికీ పరిచయం చేయాలంటే కష్టం. అప్పుడు దగ్గరి దారి ఒకటి ఉంది. ఈసీఎంలోని సాఫ్ట్‌వేర్ మార్చి, చిప్ ఉందా లేదా అని అడగడమే మాన్పించేయడం. దీన్నే ఇమ్మో ఆఫ్ అంటారు. బండి స్టార్ట్ అవుతుంది, ఓనర్‌కు ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ రోజు నుంచి ఆ కారుకు, పాతికేళ్ల నాటి కారుకు తేడా లేదు. తాళం ఆకారం కుదిరితే చాలు.

ఇమ్మొబిలైజర్ లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ అమ్మిన 2015 మోడల్ కార్లలో మిగతా కంపెనీలవి 96 శాతం ఇమ్మొబిలైజర్‌తో వస్తే, హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే అది ఉంది. ఆ సంగతి తెలిసిన కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్‌తో కారు ఎలా స్టార్ట్ చేయాలో టిక్‌టాక్ వీడియోలు పెట్టారు. 2022 నాటికి అది దేశమంతా పాకింది. ఆ దొంగతనాలకు సంబంధించి 14 యాక్సిడెంట్లు, 8 మరణాలు నమోదయ్యాయని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2023 ఫిబ్రవరిలో చెప్పింది. ఒక చిన్న చిప్ లేనందుకు ఇంత జరిగింది.

ఆటోనగర్‌లో పని తెలిసిన మెకానిక్‌లకు కొదవ లేదు. చేసే పనేంటో అడిగితే వాళ్లే చెబుతారు. కాబట్టి అడగండి. ఈసీఎం మార్చారా? ఇమ్మో ఆన్‌లోనే ఉందా? బిల్లు మీద రాసిస్తారా? వరద తర్వాత సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లయితే ఒకసారి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించుకోవడం మంచిది. ఇలాంటి మార్పు ఉందని ఇన్సూరెన్స్ కంపెనీకి తర్వాత తెలిస్తే క్లెయిమ్ దగ్గర చిక్కు రావొచ్చు.

నాలుగో తలుపు: చవక జీపీఎస్ ట్రాకర్

లారీలు, ట్రావెల్స్ కార్లు, స్కూల్ బస్సులు.. ట్రాకర్ లేని బండి ఇప్పుడు తక్కువ. ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2019 జనవరి 1 నుంచి కొత్త బండ్లకు ఇది వర్తించింది. వీటికి పరీక్షలు, ధ్రువీకరణ ఉంటాయి. అసలు ఇబ్బంది ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకు దొరికే పేరులేని ట్రాకర్లతోనే.

కొన్ని ట్రాకర్లలో ఇంకో సదుపాయం కూడా ఉంటుంది. ఫోన్ నుంచి మెసేజ్ పెడితే బండికి ఇంధనం ఆగిపోతుంది. దొంగ ఎత్తుకెళ్తే ఆపడానికి అది బాగుంటుంది. కానీ ఆ మెసేజ్ ఇంకెవరైనా పెడితే?

2022 జూలైలో బిట్‌సైట్ అనే సంస్థ ఓ చైనా ట్రాకర్‌లో ఆరు లోపాలు బయటపెట్టింది. మైకోడస్ ఎంవీ720 దాని పేరు. సుమారు 20 డాలర్లకు దొరుకుతుంది. ఆ కంపెనీ పరికరాలు 169 దేశాల్లో 15 లక్షల దాకా వాడుకలో ఉన్నాయని అంచనా. వాటితో వచ్చే పాస్‌వర్డ్ 123456. చాలామంది దాన్ని మార్చనే లేదు. లోపాలు వాడుకుంటే బండి ఎక్కడుందో చూడొచ్చు, ఇంధనం కూడా ఆపొచ్చు. అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ కూడా దీనిపై హెచ్చరిక ఇచ్చింది.

ధాన్యం లోడుతో హైవే మీద వెళ్తున్న లారీ మధ్య లేన్‌లో ఆగిపోతే వెనక వచ్చేవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. అందుకే ట్రాకర్ పెట్టించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. లాగిన్ ఎవరెవరి దగ్గర ఉందో రాసుకోండి. డ్రైవర్ మానేసినా, మేనేజర్ మారినా పాస్‌వర్డ్ కూడా మారాలి.

ఐదో తలుపు: మీ చేతిలో ఉన్న ఫోన్

ఈ మధ్య వచ్చిన కార్లకు యాప్ ఉంటుంది. ఇంట్లోంచే ఏసీ ఆన్ చేయొచ్చు, డోర్ లాక్ చేయొచ్చు, బండి ఎక్కడుందో మ్యాప్‌లో చూడొచ్చు. అంటే మీ ఫోన్ కూడా ఒక కారు తాళమే. కారుకు, మీ ఫోన్‌కు మధ్య కంపెనీ సర్వర్ ఉంటుంది. అక్కడ చిల్లు పడితే?

2024 జూన్‌లో సామ్ కర్రీ అనే పరిశోధకుడు, ఆయన మిత్రులు అమెరికాలో కియా డీలర్ల వెబ్‌సైట్‌లో అలాంటి చిల్లు పట్టుకున్నారు. అక్కడి కారు నంబర్ ప్లేట్ ఒక్కటి తెలిస్తే చాలు, అర నిమిషంలో దాని డోర్ తెరవొచ్చు, స్టార్ట్ చేయొచ్చు, ఎక్కడుందో చూడొచ్చు. ఓనర్‌కు తెలియకుండా రెండో యూజర్‌గా చేరిపోవచ్చు. వాళ్లు కంపెనీకి చెప్పారు. ఆగస్టులో సరిచేశారు. సెప్టెంబర్‌లో అందరికీ వెల్లడించారు. ఎవరూ దుర్వినియోగం చేయలేదని కంపెనీ నిర్ధారించుకుంది. ఇది అమెరికా కార్ల విషయమే. కానీ కియా ప్లాంట్ మన పెనుకొండలోనే ఉంది, ఇలాంటి కనెక్టెడ్ కార్లు ఏ కంపెనీవైనా మన రోడ్ల మీద కూడా తిరుగుతున్నాయి. కారులో లోపం లేకపోయినా ఒక వెబ్‌సైట్‌లో ఉన్న లోపం లక్షల బండ్ల తలుపులు తెరవగలదని ఈ కేసు చెబుతోంది.

సర్వర్ మన చేతిలో లేదు. ఫోన్ మాత్రం మన చేతిలోనే ఉంది. వాట్సాప్‌లో ఆర్‌టీవో చలాన్ అంటూ ఏపీకే ఫైల్ వస్తోంది కదా. మీ బండికి ఫైన్ పడింది, చూసుకోండి అని ఉంటుంది. కంగారులో నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోని మెసేజ్‌లు, ఓటీపీలు దొంగల చేతికి వెళ్తాయి. ఇప్పటిదాకా వాళ్ల గురి బ్యాంకు ఖాతా మీదే. కానీ అదే ఫోన్‌లో కారు యాప్ కూడా ఉందని గుర్తుపెట్టుకోండి. చలాన్ ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి మీరే చూసుకోండి. లింక్ నొక్కే అవసరమే లేదు.

సెకండ్ హ్యాండ్ బండి విషయంలో ఇంకో జాగ్రత్త. ఐబీఎంలో సెక్యూరిటీ నిపుణుడు చార్లెస్ హెండర్సన్ తన కారు అమ్మేసి ఏళ్లు గడిచినా ఫోన్ యాప్‌లో ఆ కారు ఇంకా కనిపిస్తూనే ఉందని 2017లో బయటపెట్టారు. డోర్ తెరవొచ్చు, ఎక్కడుందో చూడొచ్చు. పాపం కొత్త ఓనర్‌కు ఆ సంగతే తెలియదు. ఆర్‌సీ మీ పేరు మీదకు మారినంత మాత్రాన యాప్ మారదు. ఇల్లు కొంటే తాళం కప్ప మార్చుకుంటాం కదా, ఇదీ అంతే.

నడుస్తున్న కారును దూరం నుంచి హ్యాక్ చేస్తారా?

సినిమాల్లో చూపించేది ఇదే కాబట్టి చాలామందికి ఈ భయం ఉంది. ఒకసారి చేసి చూపించారు కూడా. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, హైవే మీద వెళ్తున్న జీప్ చెరోకీని ఆడించారు. ముందు ఏసీ పెరిగింది. తర్వాత పాటలు, వైపర్లు వాటంతటవే మొదలయ్యాయి. చివరికి యాక్సిలరేటర్ తొక్కినా బండి ముందుకు పోలేదు. నడుపుతున్నది ఆండీ గ్రీన్‌బర్గ్ అనే జర్నలిస్ట్. ముందే మాట్లాడుకుని చేసిన ప్రయోగమే అయినా ఆయనకు చెమటలు పట్టాయి.

ఎలా చేశారు? స్క్రీన్ సిస్టమ్‌కు మొబైల్ నెట్‌వర్క్ ఉంది. అందులోంచి దూరి, అక్కడి నుంచి క్యాన్ బస్ మీదకు చేరారు. ఆ దెబ్బకు కంపెనీ 14 లక్షల బండ్లను రీకాల్ చేసి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఆ ఇద్దరికీ దీని మీద ఎన్నో నెలల పరిశోధన పట్టింది. అందుకే మామూలు దొంగ ఈ దారిలో రాడు. వాడికి బండి కావాలి, పైన చెప్పిన ఐదు తలుపుల్లో ఏది తెరిచి ఉంటే అందులోంచి వస్తాడు.

కంపెనీలు, ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

కొత్త కార్లలో గేట్‌వే అనే పెట్టె పెడుతున్నారు. పాటల స్క్రీన్ నుంచి వచ్చిన మాట నేరుగా బ్రేకుల దాకా పోకుండా మధ్యలో ఆపి చూస్తుంది. కొన్ని మెసేజ్‌లకు ఇప్పుడు రహస్య సంతకం కూడా జోడిస్తున్నారు.

చట్టాల విషయానికొస్తే ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఆర్155 అనే నిబంధన వచ్చింది. కారు డిజైన్ నుంచి రోడ్డు మీద తిరిగినంత కాలం సైబర్ భద్రత బాధ్యత కంపెనీదే అన్నది దాని సారాంశం. యూరప్‌లో 2022 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నింటికీ అది తప్పనిసరి. ఈ నిబంధన వల్లే పోర్షే తన పెట్రోల్ మకాన్ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్‌లో ఆపేసింది. మన దేశంలో కూడా ఇదే బాటలో సైబర్ భద్రతకు ఏఐఎస్-189, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు ఏఐఎస్-190 ప్రమాణాలు రూపొందాయి.

ఇవన్నీ రేపటి కార్లకు. ఇప్పటికే మన ఇంటి ముందున్న బండి సంగతి మనమే చూసుకోవాలి.

ఈ వారంలోనే చేసుకోవాల్సిన పనులు

1. రెండు కీలు మీ దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోండి. కారు పోతే ఇన్సూరెన్స్ కంపెనీ రెండూ అడుగుతుంది.

2. సెకండ్ హ్యాండ్ కారైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కారుకు ఎన్ని కీలు రిజిస్టర్ అయ్యాయో అడగండి. పాతవి తీసేసి మీ కీలు మాత్రమే ఉంచమనండి.

3. కారు యాప్‌లో యూజర్ల జాబితా చూడండి. తెలియని పేరుంటే తీసేయండి. మీరు కారు అమ్ముతుంటే స్క్రీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, యాప్‌లోంచి బండిని తొలగించండి. లేకపోతే మీ కాంటాక్టులు, ఇంటి అడ్రస్ కూడా కొన్నవాళ్లకు వెళ్లిపోతాయి.

4. గేర్ లాక్ గానీ, స్టీరింగ్ లాక్ గానీ వేయించండి. కంప్యూటర్‌ను మోసం చేసే పరికరం ఇనుప కడ్డీని మోసం చేయలేదు. కోయడానికి టైమ్ పడుతుంది, చప్పుడవుతుంది. దొంగకు ఆ రెండూ ఇష్టం ఉండదు.

5. బంపర్, హెడ్‌లైట్ దగ్గర ఎవరో కదిలించినట్టు ఉంటే పిల్లల పని అని వదిలేయకండి. లండన్‌లో కూడా ముందు అలాగే అనుకున్నారు.

6. కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేదా రీకాల్ మెసేజ్ వస్తే వాయిదా వేయకండి. ఫోన్ అప్‌డేట్ చేసుకున్నట్టే.

7. ఓబీడీ పోర్ట్‌లో పెట్టుకునే చవక బ్లూటూత్ స్కానర్లు వాడితే పని అయ్యాక పీకేయండి. రాత్రింబవళ్లు అక్కడే వదిలేయకండి.

ఒకవేళ బండి పోతే?

ముందు 112కి ఫోన్ చేయండి. యాప్‌లో బండి ఎక్కడుందో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వండి. మీరే వెంటపడి వెళ్లకండి. తర్వాత దగ్గర్లోని స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ పెట్టించండి, అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. దొంగతనానికి డబ్బు రావాలంటే ఫుల్ ఇన్సూరెన్స్ ఉండాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు.

ఇంకో విషయం కూడా తెలుసుకోండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి ఎఫ్‌ఐఆర్ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. చలాన్ ఏపీకే లాంటి మోసంలో డబ్బు పోతే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చాలామందికి కారు అంటే ఐదేళ్లో ఏడేళ్లో కట్టే ఈఎంఐ. ట్రావెల్స్ నడుపుకునేవాళ్లకు అదే అన్నం పెట్టేది. బండి పోయినా ఈఎంఐ ఆగదు. ఇవాళ రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు కేటాయించి చూడండి.. కీ ఎక్కడ పెట్టారు? యాప్‌లో ఎవరెవరున్నారు? ట్రాకర్ పాస్‌వర్డ్ ఇంకా 123456 దగ్గరే ఉందా?